సొమ్ము - స్వామ్యము

చిలకలపూడి పేరు చెప్పఁగనే ఆంధ్రదేశమున స్త్రీలకు సొమ్ములు జ్ఞప్తికి వచ్చును. బందరు పురములో కలిసియున్న ఈ యూర రాగిమీఁదను ఇత్తడిమీఁదను బంగారుపూఁత పూసి చేయు నగలు దేశమంతట అమ్ముడుపోవుచున్నవి. వానిని పెట్టుకొన్నవారిని చూచి "సొమ్మొకరిది సోకొకరిది" యని పరిహసించువారు సామెతను అస్థానమున వాడుచున్నారు. అది యెరవు నగను గూర్చిన సామెత. పూఁతనగ వెల తక్కువదే కాని, పెట్టుకొన్నదాని సొంతమే. సొమ్మను మాటకు నగ యనియు, రొక్క మనియు, పశు వనియు అర్థములు వ్యవహారమునఁ గలవు. మూలార్థము మాత్రము "తనది" యని.

ఈ "తనది" యను భావమునకు ఇంగ్లీషువారు "ఓన్" అను చిన్నమాటను వాడుదురు. ఆ మాటయు, దానికి సరియని తలఁపఁబడిన దేశభాషాపదములును ఎక్కడనుండి పుట్టినవో పరిశీలించినచో, కృష్ణాతీరపు లంకలలోను దివిసీమలోను భూమి యెవరిదను ప్రశ్న నూటయేఁబది సంవత్సరముల పాటు ఏల తెగలేదో కొంత బోధపడును.

సొమ్మునకు మూలము సంస్కృతమునందలి స్వ శబ్దము. అమరసింహుఁడు నానార్థవర్గమున ఈ శబ్దమునకు జ్ఞాతి, తాను, తనది, ధనము అని నాలుగర్థములు చెప్పెను. ఈ నాలుగింటిని పాణిని రెండు జతలుగా విడఁదీసెను. తాను, తనది అను నర్థములందు స్వ శబ్దము సర్వనామము. జ్ఞాతి, ధనము అను నర్థములందు కాదు. వ్యాకరణప్రక్రియకై చేసిన ఈ విభాగమున లోకస్థితియు ఇమిడియున్నది. దాయాదియు ధనమును ఒకే గూటికి చేరినవి. తెలుఁగున "పాలు" అనఁగా భాగము, "పాలివాఁడు" అనఁగా దాయాది. బందుగును భాగస్థునిగాఁ జూచుట రెండు భాషలకును సమానమే.

ఇచ్చట ఒక ప్రాసంగికవిషయము. సొంతమను తెలుఁగు మాటకు సంస్కృతవేషము వేసి "స్వంతము" అని వ్రాయుట లోకమున స్థిరపడినది. సంస్కృతమున స్వంతమనఁగా సు పూర్వకమైన అంతము గలది, మంచి ముగింపు గలది యని యర్థము. బాలుర వ్యాసములలో ఈ రూపమును కొట్టివేయు ఉపాధ్యాయుల పక్షమున శాస్త్రము లేకపోలేదు. కాని యింతగా వేరు పాఱిన రూపమును పెఱుకఁబూనుట వృథాశ్రమ.

స్వ శబ్దమునుండియే స్వామి పుట్టెను. పాణిని దీనిని ఐశ్వర్యార్థమున నిపాతనము చేసెను. సొత్తు గలవాఁడని మాత్రమే కాక, దానిపై ఈశత్వము గలవాఁడని తాత్పర్యము. ఇంగ్లీషు "ఓన్" ఈ యీశ శబ్దమునకు జ్ఞాతియే. ప్రాచీనాంగ్లభాషలో "ఆగన్" అను ధాతువునకు కలిగియుండుట యర్థము. దాని విశేషణరూపమైన "ఆగెన్" కాలక్రమమున "ఓన్" అయినది. జర్మనుభాషలోని "ఐగెన్" దీనికి సహోదరము. సంస్కృతమునందలి తాలవ్య శకారమునకు ఆ భాషాకుటుంబమున హకారము గాని, స్వరభేదముచే గకారము గాని వచ్చుచుండును. శత శబ్దమునకు "హండ్రెడ్", శ్వన్ శబ్దమునకు "హౌండ్" ఏర్పడిన క్రమమిదియే. ఈ క్రమముననే ఈశ్ ధాతువును ఆగన్ అనుదానిని శబ్దశాస్త్రజ్ఞులు ఏకమూలజములని నిర్ణయించిరి. ఐశ్వర్యమను మాటలో ప్రభుత్వమును సంపదయు కలసియుండుట యెఱిఁగిన పండితులకు ఈ చుట్టఱికము వింత గాదు.

అంతకంటె విశేషమైనది మఱియొకటి గలదు. ఆ ఆగన్ ధాతువునుండియే ఇంగ్లీషున "ఓ" అను క్రియయు వచ్చినది. దాని యర్థము అప్పుపడియుండుట. చేయవలసిన ధర్మమును చెప్పు "ఆట్" అనునది ఆ క్రియకే ప్రాఁత భూతకాలరూపము. కలిగియుండుటకును, ఋణపడుటకును, విధ్యర్థమునకును ఒకటే మొదలు. తన దగ్గఱ నున్నది యితరునకు ఇయ్యవలసినదిగా ఉండవచ్చును గదా. అందుచేత కలిగియుండుటయను అర్థము ఇయ్యవలసియుండుటలోనికి జాఱెను.

అరబ్బీభాషలోను సొత్తునకును ప్రభుత్వమునకును ధాతువొకటే. మాలిక్ అనఁగా సొత్తుగలవాఁడు. మలిక్ అనఁగా రాజు. మిల్క్ అనఁగా సొత్తు. ఇట్లు సంస్కృతము, ఇంగ్లీషు, అరబ్బీ మూఁడును స్వామ్యమును అధికారముగా భావించినవి.

తెలుఁగు తన దేశ్యపదములతో ఈ భావమును వేఱొక త్రోవను చెప్పును. కలిగియుండుటకు తెలుఁగున ప్రత్యేకమైన సకర్మకక్రియ లేదు. "నాకు ఇల్లు కలదు" అందురు. ఇల్లు కర్త; మనుష్యుఁడు చతుర్థిలో ప్రక్కన నిలుచును. కలుగు ధాతువునుండి కలిమి, దాని వ్యతిరేకమునుండి లేమి. ధనికుఁడు కలవాఁడు, ఉన్నవాఁడు, దరిద్రుఁడు లేనివాఁడు. చుట్టములు అయినవారు, పరులు కానివారు. సంస్కృతమునుండి తెచ్చుకొన్నపుడును తెలుఁగువారు అస్తి యను క్రియనే పట్టి ఆస్తి యనిరి. ఈ మాటలన్నిటిలో ఉనికియే గాని యేలుబడి లేదు.

సంబంధమును చెప్పుటలోను ఇట్టిదే. చిన్నయసూరి 1858లో ముద్రితమైన బాలవ్యాకరణమున షష్ఠికి "యొక్క" చెప్పెను గాని, వాడుకలో దాని యక్కఱ స్వల్పము. చిలకలపూడి యను పేరే చూడవచ్చును. చిలకల అను బహువచనపు ఔపవిభక్తికమే పూడితో కలిసి సంబంధమును చెప్పుచున్నది. ఇంగ్లీషును మక్కికి మక్కిగా దించువారి వ్రాఁతలలో "యొక్క" పేరుకొనుట చూచినచో, అది యెంత పరాయిపనికి వినియోగపడుచున్నదో తెలియును. మఱియు తెలుఁగువాఁడు కలము "నాది" యనును. ఇంటిని, ఊరిని, తల్లిని గూర్చి తానొక్కఁడే యైనను "మా యిల్లు, మా యూరు, మా యమ్మ" యనును. వినువాఁడును ఆ యూరివాఁడే యైనచో అది "మన యూరు". ఇంగ్లీషున ఈ రెంటికిని ఒకటే మాట. ఊరు మనుష్యునిది యగుటకంటె మనుష్యుఁడు ఊరివాఁడగుట ఇచ్చట ముఖ్యము. చిలకలపూడివారు అను ఇంటిపేరు, నటుఁడు సీతారామాంజనేయులు (1907-1963) పేరుమీఁదుగా నాటకరంగమునను చలనచిత్రములలోను ప్రసిద్ధికెక్కినది, ఇట్టిదే.

భూమి విషయమున ఈ పదములన్నియు బందరులోనే యొకదానికొకటి ఎదురుపడినవి. గోలకొండ సుల్తానుల యేలుబడిలో బందరు ముఖ్యమైన ఓడరేవు. డచ్చివారు 1605 ప్రాంతమునను, ఇంగ్లీషువారు 1611లో గ్లోబ్ అను ఓడతోను అక్కడికి వచ్చిరి. పారసీక, అరబ్బీ పదములు కచేరీభాషయై జమాబందిలోను దస్తావేజులలోను నిలిచినవి. జమీందారు అను మాట పారసీకము. జమీన్ భూమి, దార్ పట్టుకొనియున్నవాఁడు. ఆ మాటలో మాలికత లేదు. పన్ను వసూలుచేసి సర్కారునకు చెల్లించు అధికారమును, దాని ఫలమును పట్టుకొనియున్నవాఁడని మాత్రమే తాత్పర్యము. సాగుచేయువాని హక్కును చెప్పుటకు మిరాసి యను మాట యుండెను. అదియు అరబ్బీయే, వారసత్వముగా వచ్చినదని యర్థము. దక్షిణమున దానికి సరియైన అరవపుమాట కాణియాట్చి. తెలుఁగు కాణాచి దానినుండి వచ్చినదే. ఒకే పొలముపై సర్కారునకు ఒక హక్కు, జమీందారునకు ఒకటి, మిరాసిదారునకు ఒకటి, గ్రామపు కరణమునకు మాన్యరూపమున నింకొకటి యుండెడిది. "ఈ పొలము ఎవరిది?" యని యొక్క మాటలో అడిగినచో ఒక్క మాటలో బదులు రాదు.

1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరు కోటను పట్టుకొనెను. మే నెలలో నిజాము సలాబతుజంగు బందరు సర్కారును కంపెనీకి ఇనాముగా ఒసంగెను. ఇనామనఁగా బహుమానము. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఉత్తరసర్కారులకు ఫర్మానా నిచ్చెను. ఇట్లు బహుమానముగా చేరిన భూమిని కంపెనీవారు 1802లో 25వ రెగ్యులేషను ద్వారా జమీందారుల కిచ్చిరి. ఆ యిచ్చిన పత్రమునకు పేరు "సనదె మిల్కియతె ఇస్తిమ్రార్", అనఁగా శాశ్వతమాలికతాపత్రము. దార్ ఆయినవాఁడు ఒక్క కలపుపోటుతో మాలికుఁ డయ్యెను. చల్లపల్లి రాజధానిగా నున్న దేవరకోట సంస్థానము వంటి ప్రాఁత జమీలకు మాత్రమే కాదు, సర్కారు చేతిలో నుండిన హవేలీ భూములను ఖండములు చేసి వేలమున పాడుకొన్నవారికిని ఇదే మాలికత లభించెను. అత్త సొమ్ము అల్లుఁడు దానము చేసినట్లను సామెత తెలుఁగున ఊరక పుట్టలేదు.

ఇంగ్లీషు భూస్వామి చిత్రమును మనస్సున నుంచుకొన్న శాసనకర్తలు, తమ భాషలోని "ఓన్" అను మాటకు సరియైనదాని కొఱకు వెదకి మిల్కియతును పట్టుకొనిరి. రెండును అధికారమునుండి పుట్టిన మాటలే కావున అనువాదము సరిగానే కుదిరినది. దేశస్థితియే కుదురలేదు. ఆ సనదులోనే మఱొక షరతు గలదు: నిర్ణీతమైన పేష్కషు చెల్లింపకున్నచో జమీని సర్కారు అమ్మివేయవచ్చును. ఋణపడియుండు నంతవఱకే మాలికత. ఇంగ్లీషు ధాతువునందు ఎన్నఁడో మఱుగుపడిన రెండవ యర్థము, ఏలువారికే తెలియకుండ, సర్కారుజిల్లాల సనదులలో తిరిగి వెలువడినది. పందొమ్మిదవ శతాబ్దిపు పూర్వార్ధమున ఈ ప్రాంతపు జమీలు పెక్కు బకాయిలకు వేలమున పోయినవి.

రైతు సంగతి యేమి? 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువనీరు పాఱినపిదప పొలముల వెల పెరిగెను. వెల లేని భూమిపై హక్కు ఎవరికైనను ఒకటే; వెల గలిగినప్పుడే వివాదము. జమీందారు మాలికుఁడైనచో రైతు కేవలము కౌలుదారుఁడా, లేక సనదు పుట్టకపూర్వమునుండి సాగుహక్కు గలవాఁడా యను తగవు న్యాయస్థానములను చాలకాలము నడిపించెను. 1908నాఁటి మదరాసు ఎస్టేట్లభూమి చట్టము జమీరైతునకు శాశ్వతమైన సాగుహక్కును ఒప్పుకొనెను. పరిశీలించినచో అది క్రొత్తగా ఇచ్చినది కాదు. 1802లో మాట మార్పుచే మఱుగుపడినదానిని తిరిగి చెప్పుట. 1948నాఁటి 26వ చట్టముతో జమీలే రద్దయి రైతువారీ పట్టాలు వచ్చెను. పట్టా యిచ్చునది సాగుహక్కు గల రైతునకు. అతని పొలమున కూలికి నాటినవారి పేరు అందులో లేదు. కలవాఁడు, లేనివాఁడు అను ప్రాఁతమాటల నడిమి గీఁత ఒక యడుఁగు జరిగినది గాని చెఱిఁగిపోలేదు.

ఆ పట్టా పొందినవాఁడు పట్టాదారు. మరల దార్, పట్టుకొనియున్నవాఁడే. కాని గుడివాడ, బందరు సీమలలో పొలముగల పెద్దరైతును జనులు పట్టాదారనరు; ఆసామి యందురు, మోతుబరి యందురు. మోతుబరి అరబ్బీ ముఅతబర్, నమ్మఁదగినవాఁడు. ఆసామిని స్వామి శబ్దపు వికృతియని తలఁచుట సహజమే, రెండును అంత దగ్గఱగా వినఁబడును. అది సరి గాదు. అదియు అరబ్బీయే, ఇస్మ్ అనఁగా పేరు, అసామీ దాని బహువచనము. పన్నులపట్టీలో వరుసగా వ్రాసిన పేళ్లకు మొదట ఆ మాట వాడిరి. పిదప ఆ పేరుగల సాగుదారునకు, అనఁగా సర్కారునకు పన్ను బాకీపడియున్న రైతునకు అది వచ్చెను. తెలుఁగున ఆ మాటకే పొలముగల గొప్పవాఁడని యర్థము స్థిరపడినది.