వీపు మీది నీళ్ళ సంచి: దాని వెనుక చరిత్ర

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అన్న, అతని స్నేహితులు ముగ్గురు కలిసి అంచెట్టి వైపు కొండదారిలో సైకిళ్ళ మీద పోయినారు. పదకొండో తరగతిలో ప్రభుత్వం ఇచ్చిన సైకిలే అన్నది. నీళ్ళ సీసాను వెనక క్యారియర్‌కు తాడుతో కట్టుకున్నాడు. దారిలో ఒక గుంతలో సైకిల్ ఎగిరినప్పుడు ఆ సీసా ఎక్కడో పడిపోయింది, ఎవరూ చూసుకోలేదు. ఎత్తు ఎక్కుతూ ఉండగా అన్నకు కళ్ళు తిరిగి రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. మేకలు కాచుకునే ఒక పెద్దాయన తన భుజానికి తగిలించుకున్న క్యానులోని నీళ్ళు తాగించి, చెట్టు నీడన పడుకోబెట్టినాడు. ఆయన లేకుంటే ఏమయ్యేదో అని మా అమ్మ ఇప్పటికీ తలచుకుంటుంది.

ఆ సంగతి విని మా తాత ఒక్క మాటే అడిగినారు: "నీళ్ళని ఒంటి మీద పెట్టుకోకుండా సైకిల్‌కి ఎందుకు కట్టినావురా?" ఆ ప్రశ్నతోనే నేను ఈ వ్యాసానికి కావలసిన విషయాలు వెతకడం మొదలుపెట్టాను.

మనిషి నీళ్ళను ఒంటి మీద మోసుకుని పోవడం కొత్త కాదు. మన వైపు రైతులు, గొర్రెల కాపరులు ఎండిన సొరకాయ బుర్రలో నీళ్ళు నింపి, దాని మెడకు తాడు కట్టి భుజానికి తగిలించుకునేవారు. మా తాత చిన్నప్పుడు వాడిన బుర్ర ఇప్పటికీ మా ఇంటి అటక మీద ఉంది. ఉత్తర భారతంలోనూ దక్కనులోనూ భిస్తీలు అనేవారు మేకతోలుతో కుట్టిన తిత్తిని వీపున వేసుకుని ఇంటింటికీ నీళ్ళు పోసేవారు. ఆ తిత్తిని మషక్ అంటారు. తోలు గుండా కొంచెం నీరు ఊరి, ఆ తడి గాలికి ఆరుతూ ఉండటంవల్ల లోపలి నీళ్ళు చల్లగా ఉంటాయి. మన మట్టి కుండలో జరిగేదీ ఇదే.

ఈ తిత్తికి చరిత్ర పుస్తకాల్లో కూడా చోటు ఉంది. 1539లో చౌసా యుద్ధంలో షేర్‌షా చేతిలో ఓడిపోయిన హుమాయూన్ గంగానదిలో మునిగిపోబోతుండగా, నిజాం అనే భిస్తీ గాలి నింపిన తన తిత్తిని ఇచ్చి ఒడ్డు చేర్చాడు. దానికి బదులుగా ఆ భిస్తీని హుమాయూన్ కొద్దికాలం సింహాసనం మీద కూర్చోబెట్టాడని చెబుతారు. అంటే ఒక నీళ్ళ సంచి ఒక చక్రవర్తి ప్రాణం కాపాడింది.

ఇక సైకిల్ సంగతికి వద్దాం. కొండల్లో, రాళ్ళదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్ అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. మరిన్ కౌంటీలో కొందరు యువకులు పాత బరువైన సైకిళ్ళకు లావు టైర్లు వేసి కొండ మీది నుంచి కిందికి దిగేవారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర మొదటి 'రీప్యాక్' పోటీ జరిగింది. సుమారు 1300 అడుగుల దిగుడు అది. బ్రేకు పట్టీ పట్టీ వెనక చక్రం హబ్‌లోని గ్రీజు కాలిపోయేది. దిగిన ప్రతిసారీ మళ్ళీ గ్రీజు నింపాల్సి వచ్చేది కాబట్టి పోటీకి ఆ పేరు వచ్చింది. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్త సైకిల్ తయారుచేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఇలాంటి సైకిళ్ళు అమ్మే వ్యాపారం మొదలుపెట్టారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది పోటీగా చేరింది.

సైకిల్ మారింది గాని నీళ్ళు మాత్రం ఫ్రేముకు తగిలించిన సీసాలోనే ఉండిపోయాయి. రాళ్ళదారిలో సీసా ఎగిరి పడిపోతుంది. చక్రం చిమ్మే బురద దాని మూతికి అంటుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, తాగాలంటే ఒక చెయ్యి హ్యాండిల్ వదలాలి. దిగుడులో రెండు చేతులూ బ్రేకుల మీద ఉండాలి కదా! అందుకని చాలామంది దాహం వేసినా తాగకుండా ఓర్చుకునేవారు.

దీనికి ఉపాయం కనిపెట్టింది పెద్ద కంపెనీ కాదు. టెక్సాస్‌లోని విచిటా ఫాల్స్ ఊళ్ళో ఏటా ఆగస్టులో 'హాటర్ ఎన్ హెల్ హండ్రెడ్' అనే సైకిల్ పోటీ జరుగుతుంది. నరకం కంటే వేడి అని ఆ పేరుకు అర్థం. ఆ ఊరికి వందేళ్ళు నిండిన సందర్భంగా 1982లో దాన్ని ప్రారంభించారు. వంద మైళ్ళు, అంటే సుమారు 161 కిలోమీటర్లు, వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో తొక్కాలి. అది మన లెక్కలో దాదాపు 38 డిగ్రీలు. ఒకసారి ఈ పోటీకి వచ్చిన మైకేల్ ఈడ్సన్ అత్యవసర వైద్య సేవలో పనిచేసేవాడు. ఆస్పత్రిలో వాడే సెలైన్ సంచిలో నీళ్ళు నింపి, దాన్ని పొడుగు మేజోడులో దూర్చి, చొక్కా వీపుకు తగిలించుకున్నాడు. గొట్టాన్ని భుజం మీదుగా ముందుకు తెచ్చి, బట్టలు ఆరేసే క్లిప్పుతో బిగించాడు. చెయ్యి కదపకుండానే నీళ్ళు నోటికి అందాయి.

ఆ ఆలోచనే క్యామెల్‌బ్యాక్ అనే పేరుతో వ్యాపారమైంది. తరువాత అమెరికా సైనికులు కూడా ఇలాంటి సంచులు వాడసాగారు. పేరు ఒంటె వీపును గుర్తుచేస్తుంది గాని, ఒంటె మూపురంలో ఉండేది నీరు కాదు, కొవ్వు అని మనం సైన్సు పాఠంలో చదువుకున్నాం.

ఇప్పుడు ఇలాంటి సంచి కొనాలనుకునేవారికి కొన్ని మాటలు. లీటరు నీళ్ళ బరువు ఒక కిలో. కాబట్టి గంట, రెండు గంటల ప్రయాణానికి లీటరున్నర, రెండు లీటర్ల సంచి చాలు. రోజంతా తొక్కేవారికే మూడు లీటర్లది కావాలి. ఛాతీ మీద బిగించే పట్టీ తప్పక ఉండాలి. అది లేకుంటే సంచి అటూ ఇటూ ఊగి, మలుపులో మనల్ని పక్కకు లాగుతుంది. శుభ్రం చేయడానికి చెయ్యి దూరేంత వెడల్పు మూతి ఉంటే మేలు.

నీళ్ళు నింపాక సంచిని తలకిందులు చేసి గొట్టం నుంచి గాలి పీల్చేస్తే లోపల నీళ్ళు గుడగుడలాడవు. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో రెండు గుక్కలు తాగాలి. చెమట బాగా పోస్తే ఉప్పు కూడా పోతుంది. ఎక్కడైనా ఆగినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ తాగడం మంచిది. మజ్జిగ, షర్బత్ మాత్రం సంచిలో పోయకూడదు, గొట్టంలో పాచి పడుతుంది. ఇంటికి రాగానే కడిగి, గొట్టంతో సహా బాగా ఆరబెట్టాలి.

ఆ సంచి ధర మా ఇంట్లో అందరికీ ఎక్కువే అనిపించింది. అన్న తన పాత బడి సంచిలో రెండు సీసాలు పెట్టుకుని, ఛాతీకి అడ్డంగా ఒక పట్టీ కుట్టించుకున్నాడు. ఆగి తాగాలి, అంతే తేడా. తాత దాన్ని చూసి నవ్వి, "ఇప్పుడు మా బుర్ర దారికి వచ్చినావు" అన్నారు.

మిత్రులారా, చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదని ఈ వ్యాసం రాస్తున్నప్పుడు నాకు తెలిసింది. మేకలు కాచే ఆయన క్యానుకూ, భిస్తీ తిత్తికీ, ఈడ్సన్ మేజోడుకూ ఒకే దాహం కారణం. మీ ఇంటి అటక మీద కూడా ఇలాంటి వస్తువు ఏదైనా ఉందేమో చూడండి. పెద్దవాళ్ళు మన మధ్య ఉండగానే దాని కథ అడిగి రాసుకోండి.