గుండ్రంగా లేని రికార్డులో పాట ఎలా మోగుతుంది? రేడియోలు వద్దన్న 'రంబుల్' ట్యూన్ కథేంటి?

గ్రామఫోన్ రికార్డు అనగానే నల్లగా, గుండ్రంగా ఉండే ప్లేటే గుర్తొస్తుంది. కానీ ఆఫ్రికా ఖండం ఆకారంలో ఉన్న రికార్డు కూడా ఉంది తెలుసా? టోటో బ్యాండ్ పాట 'ఆఫ్రికా'ను 2017 రికార్డ్ స్టోర్ డే సందర్భంగా ఇలాగే రిలీజ్ చేశారు. వీటిని షేప్డ్ డిస్క్‌లు అంటారు. 1980లలో బ్రిటన్‌లో వీటికి మంచి క్రేజ్ ఉండేది.

మరి అంచులు వంకరటింకరగా ఉంటే ముల్లు ఎలా తిరుగుతుంది?

పాట ఉండేది మధ్యలోనే

షేప్ ఏదైనా సరే, పాట ఉండే గాడి మాత్రం మధ్యలో గుండ్రంగానే ఉంటుంది. ముందు మామూలు రికార్డులాగే ప్రెస్ చేసి, తర్వాత అంచును కావాల్సిన ఆకారంలో కట్ చేస్తారు. గాడి దాటి బయట ఉన్న భాగంలో ఏ శబ్దమూ ఉండదు. అది కేవలం చూడ్డానికే.

అంటే పాటకు దొరికే చోటు తక్కువ. అందుకే చిన్న పాటలే వీటికి సరిగ్గా సరిపోతాయి. తొలినాటి రాక్ ఇన్‌స్ట్రుమెంటల్ ట్యూన్‌లు చాలావరకు రెండు, మూడు నిమిషాలే. ఉదాహరణకు లింక్ రే 'రంబుల్' రెండున్నర నిమిషాల లోపే అయిపోతుంది. 45 స్పీడ్‌లో లెక్కేస్తే, ప్లేటు సుమారు 110 చుట్లు తిరిగితే ట్యూన్ పూర్తయినట్టే.

మాటల్లేవు.. అయినా రేడియోలు వద్దన్నాయి

1958లో కేడెన్స్ కంపెనీ 'రంబుల్'ను రిలీజ్ చేసింది. ఇందులో ఒక్క మాట కూడా లేదు. అయినా అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు దీన్ని వేయలేదు. కారణం పేరే! అప్పటి వీధి భాషలో రంబుల్ అంటే గ్యాంగుల మధ్య కొట్లాట. ఈ ట్యూన్ వింటే కుర్రాళ్లు రెచ్చిపోతారేమో అని భయపడ్డారు. అయినా బిల్‌బోర్డ్ చార్ట్‌లో 16వ స్థానం దాకా వెళ్లింది.

లింక్ రేది అమెరికా మూలవాసుల్లోని షానీ తెగ నేపథ్యం. సైన్యంలో పనిచేశాక క్షయ వ్యాధితో ఒక ఊపిరితిత్తి పోయింది. పాడటం కష్టమైంది. దాంతో గిటార్‌తోనే మాట్లాడించాడు. స్టేజీ మీద వచ్చిన ఆ గరగర శబ్దం స్టూడియోలో రాకపోయేసరికి, యాంప్లిఫైయర్ స్పీకర్లకు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. ఆ తర్వాత రాక్, మెటల్ గిటార్‌లలో మనం వినే 'డిస్టార్షన్'కు దారి చూపిన రికార్డుల్లో ఇదొకటి. 2018లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈ సింగిల్‌ను గుర్తించింది. 2005లో చనిపోయిన లింక్ రేకు 2023లో అక్కడే చోటు దక్కింది.

కొనే ముందు ఇవి చూసుకోండి

* బొమ్మ ఉన్న డిస్క్‌లలో ప్రింట్ చేసిన కాగితంపై పల్చటి ప్లాస్టిక్ పొర వేసి, దాని మీద గాడి ప్రెస్ చేస్తారు. అందుకే మామూలు నల్ల రికార్డు కంటే గరగర ఎక్కువగా వినిపించొచ్చు. 'రంబుల్' లాంటి ట్యూన్‌లో గిటార్ గరగర కావాలని చేసింది, డిస్క్ గరగర కాదు. రెండూ కలిస్తే అసలు మజా పోతుంది.

* ఆటోమేటిక్ ప్లేయర్‌లో పెట్టొద్దు. మామూలు సైజు ప్లేటే ఉందనుకుని అది ముల్లును గాడి లేని చోట, లేదంటే ఏకంగా అంచు బయట దించేస్తుంది. ముల్లు విరిగే ప్రమాదం ఉంది.

* చేత్తో నడిపే ప్లేయర్‌లో, గాడి ఎక్కడ మొదలైందో చూసి మెల్లగా దించండి. పాట అయ్యాక మీరే ఎత్తేయండి.

గోడకు తగిలించడానికైతే షేప్డ్ డిస్క్ సూపర్. కానీ లింక్ రే స్పీకర్‌కు చిల్లులు పొడిచి మరీ తెచ్చిన సౌండ్ వినాలంటే మాత్రం మామూలు గుండ్రటి ప్లేటే బెస్ట్.