ఇప్పపువ్వు పాకం

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, నెగడి ఇంకా మండుతనే ఉంది. మొన్న పట్నం పిల్ల సీసల పువ్వుల జెల్లీ తెచ్చి నాకింత పెట్టింది గదా, ఆనాటి సంది మా అవ్వ చేసిన ఇప్పపువ్వు పాకమే యాదికొస్తంది. మీరు ఇప్పపువ్వంటే సారా అనే ఎరుగుదురు. మాకైతే అది అన్నం.

ఈ హుజూరాబాద్‌కు నేను కోడలిగ వచ్చిన. ఇక్కడ వరి పొలాలు, పత్తి చేన్లు, జమ్మికుంట మార్కెట్. నా తల్లిగారిది గోదారి దిక్కు, మహదేవపూర్ అడివి. శివరాత్రి ఎల్లినంక ఇప్పచెట్టు ఆకు రాల్చి కొమ్మ కొమ్మకు గుత్తులు పెడ్తది. ఆ పువ్వును తెంపుడుండదు, తెల్లారుజామున అదే రాలుతది. ఎలుగ్గొడ్లకు అదంటే పానం. అందుకే మా తాత ముందు నడిచి చప్పుడు చేసేటోడు, ఎన్కనుంచి మేం గంపలు పట్టుకొని మబ్బుల్నే పోయేటోళ్లం. చెట్టు కింద ఆకును కొందరు కాలబెడ్తరు, పువ్వు కండ్లవడాలని. మా అవ్వ ఒప్పేది కాదు, మంట అడివికి పాకుతదని ఊడిపిచ్చేది.

తెల్లగ, మెత్తగ, రసంతోని ఉంటది పువ్వు. పచ్చిదాని వాసన కొంచెం గాటు. సాపల మీద ఎండవోస్తే నాలుగొద్దులకు ఎర్రగ, కిస్మిస్ లెక్క ముడుచుకుంటది. ఎండిన పువ్వుల సగానికి మించి తీపే ఉంటది బిడ్డా, బెల్లం వెయ్యనక్కరలేదు. నలిపి లోపటి కేసరాలు చెరిగేసి, రెండుమూడు నీళ్లు కడిగి, నానబెట్టి ఉడికిచ్చేది. గుడ్డల పిండి, ఆ రసాన్ని మూకుట్ల సన్నమంట మీద కాగబెట్టాలె. ఆడ ఓపిక కావాలె. తొందరపడి మంట పెంచితే అడుగంటి చేదెక్కుతది.

గట్టిపడేది మాత్రం చింతగింజలతోని. గింజలు వేయించి, పైపొట్టు రాలగొట్టి, తెల్లపప్పు దంచి మెత్తటి పిండి చేసి, నీళ్లల్ల ఉడికిచ్చి జిగురెక్కినంక పాకంల కలిపేది. తీపి బాగా చిక్కగుంటెనే ఆ జిగురు గడ్డకడ్తది, పల్చటి రసంల ఎంత కలిపినా జారుడే. తాంబాలంల పోసి చల్లారినంక కత్తితోని ముక్కలు కోసేది. మెరిసేటియి, నోట్లె వేస్తె కరిగేటియి.

అది పండుగ పూట ముచ్చట. కరువు ఏడు మాత్రం తాంబాలాలు లేవు, ముక్కలు లేవు. ఎండు ఇప్పపువ్వు, చింతగింజలు కలిపి కుండల ఉడికిచ్చి అదే బువ్వ తిన్నరు. గోండ్లు, కోయలు, నాయకపోళ్లు, అడివిని నమ్ముకున్న జనమంతా ఆ చెట్టు పుణ్యాననే ఆ నెలలు గట్టెక్కిండ్రు. ఎండకాలం పోయి పండ్లొస్తె గింజల నూనె దీపాలకు, వంటకు. చెట్టును గొడ్డలి తాకనిచ్చేటోళ్లు కాదు.

సర్కార్లకు దాంట్ల సారానే కండ్లవడ్డది. బొంబాయి రాజ్యంల 1892ల ఇప్పపువ్వు మీద చట్టమే చేసిండ్రు, ఏరుడు దాసుడు ఆపాలని. తిండిని కూడా తప్పు కింద లెక్కగట్టిండ్రంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతది. నిజాం దొర ఇలాకల కూడ ఆబ్కారోళ్ల భయమే. 1956ల పెట్టిన గిరిజన సహకార సంస్థ వచ్చినంక పువ్వు కొనుడు మొదలైంది గని, వంటింట్లకెల్లి మాత్రం అది మెల్లమెల్లగ పోయింది.

గందుకే ఉట్నూరు ముచ్చట ఇంటె సంబురమైతది. ఆడ ఆదివాసీ ఆడిబిడ్డలు సంఘం పెట్టుకొని ఇప్పపువ్వు లడ్డూలు కడ్తున్నరు, నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి. చదువుకునే పిల్లలకు, కడుపుతోనున్నోళ్లకు పెడ్తున్నరు. అన్నాన్ని అన్నం అనిపిచ్చిండ్రు వాళ్లు.

మీకు చెయ్యాలనుంటే ఎండుపువ్వు ఉట్నూరుకెల్లి తెప్పియ్యుండ్రి. కేసరాలు శుభ్రంగ తీసి, మూకుడు మందంగున్నదే పెట్టుండ్రి. చింతగింజలు నేను దంచిస్త.