లిథియం బ్యాటరీ ప్రయాణము

విద్యుత్తు రాని దినములలో పల్లెల రేడియోలు బ్యాటరీలతో పలికెడివి. సీసపు రేకులు, ఆమ్లము గల ఆ బరువైన పెట్టెను పట్టణమునకు మోసికొనిపోయి, చార్జి చేయించి తెచ్చుకొనుట పెద్దలు కొందరికైనను జ్ఞాపకముండును. పెద్దారవీడు వంటి గ్రామములవారికి అట్టి పట్టణము మార్కాపురము. దారిలో ఆమ్లము ఒలికినచో బట్ట చిల్లులు పడును, చేయి మండును. కాని ఆ అపాయము కంటికి కనబడునది, ఒలికినచోటనే ఆగునది. నేడు అవే దారులలో బస్సుల సామానుల అరలలోను, లారీలలోను పోవుచున్న లిథియం అయాన్ బ్యాటరీ తీరు వేరు. దానిని పంపుటకై ఏర్పడిన నియమముల చరిత్రను కొంత వివరింపదలచితిమి.

1991లో జపాను దేశపు సోనీ సంస్థ ఈ బ్యాటరీని తొలిసారిగా విపణిలో ప్రవేశపెట్టినది. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచుకొనుట దీని గుణము; అదియే దీని దోషము కూడ. లోపలి ద్రవము మండు స్వభావము గలది. దెబ్బ తగిలియో, లోపల ధన ఋణ ధ్రువములు కలిసియో ఒక సెల్లు వేడెక్కెనా, ఆ వేడి ప్రక్క సెల్లును రగుల్చును; అది దాని ప్రక్కదానిని. మార్కాపురపు పలకలు దేశదేశములకు ఎగుమతి యైన సరుకు. పలక పగిలినచో నష్టము ఆ పలకతోనే తీరును. ఈ సరుకు విషయము అట్లు కాదు.

ప్రమాదకరమైన సరుకుల రవాణాకు అన్ని దేశములకు ఒకే తీరు నియమము లుండవలెనని ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘ మొకటి 1954లో పని ప్రారంభించినది. దాని సిఫారసుల గ్రంథము 1956లో తొలిసారి వెలువడినది. అట్ట రంగును బట్టి దానికి నారింజ గ్రంథమని పేరు వచ్చినది. దానికి అనుబంధమైన పరీక్షల గ్రంథములో 38.3 అను భాగము లిథియం బ్యాటరీలది. పరీక్షలు ఎనిమిది. బ్యాటరీని సుమారు 15 వేల మీటర్ల ఎత్తున నుండు పలుచని గాలివంటి పీడనములో ఆరు గంటలు ఉంచుదురు. 72 డిగ్రీల వేడికిని, సున్నకు 40 డిగ్రీల దిగువ చలికిని పదేపదే మార్చుదురు. కంపింపజేయుదురు, కుదుపుదురు, ధ్రువములను కలిపివేయుదురు. కొన్ని రకముల సెల్లులపై ఇనుప కడ్డీ నుంచి 9.1 కిలోల బరువును 61 సెంటీమీటర్ల ఎత్తునుండి పడవేయుదురు. అతిగా చార్జి చేసి ఏడు దినములు కనిపెట్టియుందురు. ఈ బాధలన్నిటికి ఓర్చినదే ప్రయాణమునకు అర్హము. అయితే పరీక్షకు నిలుచునది నమూనా. మన చేతికి వచ్చునది దాని తోబుట్టువు మాత్రమే.

పరీక్ష ఎంత కఠినమైనను, పెట్టెపై వ్రాసినది నిజము కానిచో ఫలమేమి? 2010 సెప్టెంబరు 3న దుబాయి నుండి బయలుదేరిన యూపీఎస్ సంస్థ సరుకుల విమానములో మంటలు చెలరేగి, ఇరువురు చోదకులును మరణించిరి. అందులో వేలకొలది లిథియం బ్యాటరీలు కలవు. వానిలో కొన్నిటిని ప్రమాదకరమైన సరుకని పంపినవారు తెలుపనేలేదని విచారణలో తేలినది. 2016 ఏప్రిలు 1 నుండి ప్రయాణీకుల విమానములలో లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా సరుకుగా పంపుట నిషిద్ధమైనది. సరుకుల విమానములలో సైతము చార్జి 30 శాతమునకు మించరాదనిరి. విమానమెక్కువారిని విడి బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచుకొనుడని కోరుట కొందరికి విడ్డూరముగా తోచును. మనుష్యుల నడుమ మంట పుట్టినచో వెంటనే కనిపెట్టి ఆర్పవచ్చును. అడుగున సామానుల గదిలో పుట్టినచో అందుకొనుట కష్టము.

ఆకాశమున ఇంత జాగ్రత్త నడచుచుండగా మన రోడ్లమాట ఏమి? 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాదు నుండి బెంగుళూరు పోవుచున్న ప్రైవేటు బస్సు ఒకటి కర్నూలు దాపున చిన్నటేకూరు వద్ద మోటారుసైకిలును ఈడ్చుకొనిపోగా అగ్ని పుట్టి, బస్సులోని 19 మంది ప్రయాణీకులు బలియైరి. సామానుల అరలో 200కు పైగా సెల్‌ఫోన్లు పార్సెలుగా నుండెను. అగ్నికి మూలము అవి కాకపోయినను, వాని బ్యాటరీలు ప్రేలుట మంటను పెంచినదని నిపుణులు భావించినట్లు పత్రికలు వ్రాసినవి. ఒక్కొక్క ఫోనును వేరుగా చూచిన చిన్న వస్తువే. వందలు ఒకచోట చేరి, పైన మనుష్యులు నిద్రించుచుండగా, అవి చిన్న వస్తువులు కావు. మార్కాపురము, గిద్దలూరు వైపులవారును రాత్రి బస్సులలో ప్రయాణము చేయువారే. తమ సీటు క్రింద ఏ పార్సెలున్నదో ఎవరు చెప్పగలరు?

రవాణా పరీక్ష బ్యాటరీని దారిలో కాపాడును; ఇంట చార్జి చేయునాటి మాట దానికి పట్టదు. 2022 ఏప్రిలులో నిజామాబాదులోను, విజయవాడలోను ఇండ్లలో విద్యుత్ స్కూటరు బ్యాటరీలు ప్రేలి ఒక్కొక్కరు మరణించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన మంట పై యంతస్తుల హోటలును కమ్మగా ఎనిమిదిమంది అసువులు బాసిరి. ఏప్రిలు నాటి ప్రమాదముల పిమ్మట కేంద్ర ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘమునకు హైదరాబాదు బాలాపూరులోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ డైరెక్టరు టాటా నరసింగరావుగారు అధ్యక్షత వహించిరి. దాని సిఫారసులపై ఏఐఎస్ 156 అను ప్రమాణము సవరింపబడినది. సెల్లు తయారైన తేదీ దానిపై నుండవలెను. ఒక సెల్లు వేడెక్కినచో చోదకునికి వెలుగుతోను, మ్రోతతోను హెచ్చరిక రావలెను. ఇది రెండు విడతలుగా 2022 డిసెంబరు 1 నుండియు, 2023 మార్చి 31 నుండియు అమలులోనికి వచ్చినది. ఆ తేదీలకు పూర్వము తయారైన బండ్లు మాత్రము ఇంకను మన వీధులలో తిరుగుచునే యున్నవి.