నురగా? మృదుత్వమా?

సబ్బు కొనేటప్పుడు మనలో చాలామంది చూసేది నురగే. కుంకుడుకాయ రసంతో తలంటుకున్న జాతి కదా, నురగ రాకపోతే శుభ్రపడినట్టే అనిపించదు. కానీ మురికిని వదిలించేది నురగ కాదు, నీళ్ళలో కరిగిన సబ్బు అణువులు. వాటికి ఒక కొస నూనెని పట్టుకుంటుంది, రెండో కొస నీటిని. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో నురగ ఒట్టి ప్రోగ్రెస్ బార్ అన్నమాట.

మామూలు సబ్బు పీహెచ్ 9-10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. మొహం కడుక్కున్నాక చర్మం బిగుసుకుపోవడానికి అదొక కారణం. బోరు నీళ్ళలోనైతే కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది, నురగా రాదు. 1957లో లీవర్ బ్రదర్స్ అమెరికాలో తెచ్చిన డవ్ బిళ్ళలో ముఖ్య పదార్థం సబ్బు కాదు, కొబ్బరినూనె ఆమ్లాలతో చేసిన సోడియం కోకోయిల్ ఐసెథియొనేట్. పీహెచ్ 7 దగ్గర, నురగ మీగడలా.

షాంపూలు, బాడీవాష్‌లది ఇంకో దారి. సోడియం లారిల్ సల్ఫేట్ బోల్డంత నురగ ఇస్తుంది, చర్మాన్ని మాత్రం రేపుతుంది. దానికి బీటెయిన్ జాతి పదార్థం తోడు చేస్తే రెండూ కలిసి గుంపులు కడతాయి. విడిగా తిరుగుతూ చర్మంలోకి దూరే అణువులు తగ్గుతాయి, నురగ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. అంటే నురగకీ మృదుత్వానికీ పుట్టుకతో వైరమేమీ లేదు.

ఇంతకీ మృదువని తేల్చేదెవరు? 1979లో ఫ్రాష్, క్లిగ్మన్ అనే ఇద్దరు చర్మవైద్యులు ఒక పరీక్ష ప్రచురించారు. సబ్బునీళ్ళని చిన్న మూతల్లో పోసి ముంజేతికి అంటించి, ఐదు రోజుల్లో వచ్చే ఎరుపుకీ, పొట్టుకీ మార్కులు వేశారు. 18 సబ్బుల్లో డవ్‌కి మొదటి స్థానం వచ్చింది. ప్రకటనల మాటలకి బదులు ఒక కొలత దొరికింది, మంచిదే.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఈ ఆల్బర్ట్ క్లిగ్మనే 1951 నుంచి 1974 దాకా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల చర్మం మీద ప్రయోగాలు నడిపించాడు. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. 2022లో ఆ నగరం క్షమాపణ చెప్పింది. 1979 పరీక్ష ఆ జైల్లోది అని నేననడం లేదు, అక్కడివి అప్పటికే ఆగిపోయాయి. కానీ చర్మాన్ని కొలిచే ఆ విద్యలో ఆయనకొచ్చిన అనుభవంలో కొంత ఆ ఖైదీల వీపుల మీదే వచ్చింది.

అందుకే డబ్బా మీద 'మైల్డ్' అని చూసినప్పుడు నురగ సంగతి పక్కనపెట్టి రెండు ప్రశ్నలు అడగాలంటాను: దేనితో కొలిచారు? ఎవరి ఒంటి మీద, వాళ్ళకి చెప్పే కొలిచారా? మీరేమంటారు?