కార్కు బంతి, కొబ్బరి చాప, కరువు నేల

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. శాసనాలను, కైఫీయతులను, పాలెగాండ్లను గూర్చి రాయగలవారు మనలో చాలామందే ఉన్నారు. అందుకని నేను ఎవరూ ముట్టని సంగతి ఒకటి ఎంచుకున్నాను. అది క్రికెట్టులో బంతి వేయడం గూర్చి. నవ్వకండి. ఈ ఏడాది లోపల మన సంఘం మిత్రులే ముగ్గురు నన్ను పక్కకు పిలిచి, "మనవడు బౌలింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టినాడు, ఏ బంతి కొనియ్యల్ల సార్?" అని అడిగారు. అందులో ఒకరు అడిగింది మనవరాలి కోసం. ఒక్క మాటలో చెప్పే జవాబు కాదది. మన జిల్లాలో ఏ బంతితో ఆడాలన్నది చాలాకాలం ఆటగాడి చేతిలో లేదు. దాన్ని నిర్ణయించింది నీళ్లు.

ఎట్లాగంటే, క్రికెట్టు పిచ్ ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి టర్ఫ్ వికెట్. జిగట మట్టి పొరలు పొరలుగా పరచి, గడ్డి పెంచి, నీళ్లు పట్టి, రోలరు తొక్కించి, ఆరబెట్టి, మళ్లీ నీళ్లు పట్టి తయారుచేసేది. ఏడాది పొడుగునా దానికి నీళ్లు కావాలి. రెండోది చాప వికెట్. నేల చదునుచేసి, గరుసు పోసి దిమ్మిస కొట్టి, పైన కొబ్బరి పీచు చాప బిగించి, అంచుల వెంబడి మేకులు దిగ్గొడితే అయిపోయె. నీటిబొట్టు అవసరం లేదు. మన అనంతపురానికి ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో ఇంతకంటె తక్కువ వాన పడే జిల్లా ఏదని అడిగితే జైసల్మేరు పేరు చెప్పేవారు. నైరుతి మబ్బు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోతుంది, ఈశాన్యపు మబ్బు కోస్తా దాటి ఇంత దూరం వచ్చేటప్పటికి అలసిపోతుంది. ఇంటి ముందు కుళాయి కాడ బిందెలు వరుసలు కట్టిన ఊళ్లో మైదానానికి నీళ్లు పట్టమని ఎవరు అడుగుతారు? కాబట్టి మనది చాప వికెట్ల సీమ అయింది.

ఇందులో మనం సిగ్గుపడవలసింది ఏమీ లేదు. చాప మీద ప్రపంచ స్థాయి ఆటే జరిగింది. 1952 అక్టోబరులో లక్నోలో భారత్, పాకిస్థాన్‌ల టెస్టు జనపనార చాప మీదనే ఆడారు. ఫజల్ మహమూద్ ఆ చాప మీద బంతిని కోసి కోసి వేసి, మొదటి ఇన్నింగ్సులో 52 పరుగులకు 5, రెండో ఇన్నింగ్సులో 42 పరుగులకు 7 వికెట్లు తీశాడు. పాకిస్థానుకు అదే తొలి టెస్టు విజయం. చాప గుణమే అది. బంతి చాపను తాకినప్పుడు పీచు దాన్ని పట్టుకుంటుంది. వేలితో తిప్పినవాడికి తిప్పినంత తిరుగుతుంది, కోసినవాడికి కోసినంత పక్కకు పోతుంది, పైగా ఎత్తుగా లేస్తుంది.

అయితే లక్నోలో వేసింది తోలుబంతి. మనకు ఆ భాగ్యం ఎక్కడిది? చాప దాటితే మిగతా మైదానమంతా గరుసు. కొత్త తోలుబంతి ఒక్క పూట ఆడేసరికి చర్మం లేచిపోయి, కుక్క కొరికిన చెప్పు మాదిరిగా అయ్యేది. అందుకని వచ్చింది కార్కు బంతి. కార్కు పొడిని గట్టిగా అదిమి, పైన ఎర్రరంగు పూసింది. అరగదు, చిరగదు, గోడకు కొట్టినా ఏమీ కాదు. తగిలినవాడి వేలికే ఏదైనా అవుతుంది. కానీ దానికి నిజమైన కుట్టు ఉండదు. కుట్టు లేనిదే గాలిలో స్వింగ్ లేదు, నేలను తాకి అటో ఇటో మళ్లడమూ లేదు. దాంతో మన కుర్రవాళ్లు ఏం నేర్చారు? కుట్టు నిలబెట్టి వేయడం నేర్వలేదు. వేళ్లతో కోయడం, మణికట్టుతో తిప్పడం, భుజబలంతో ఎగరేయడం నేర్చారు. ఈ గడ్డ మీద బౌలరును తయారుచేసిన గురువులు చాపా, కార్కు బంతీ. కోచ్ అన్న మాటే అప్పుడు మేము వినలేదు.

నేను 1970 దశకం మొదట్లో ఎల్.డి. క్లర్కుగా చేరాను. ఆదివారాలు శాఖల మధ్య మ్యాచీలు జరిగేవి. ట్రెజరీ, రెవెన్యూ, పి.డబ్ల్యు.డి., ఎల్లరూ ఆడేవారు. ఏడాదికొకసారి చందా వేసుకుని ఒక తోలుబంతి తెప్పించేవాళ్లం. ఫైనల్ మ్యాచి దాకా అది బీరువాలో తాళం కింద ఉండేది. మా హెడ్ క్లర్కు గారు దాన్ని ఒక నోటు పుస్తకంలో "బంతి, తోలు, ఒకటి" అని ఎక్కించి, మ్యాచి అయిన తర్వాత "నిరుపయోగమైనది" అని రాసి సంతకం పెట్టేవారు. అంటే మాలో చాలామంది ఏడాదికి ఒక్క పూట మాత్రమే అసలు బంతిని ముట్టేవాళ్లం.

మా జట్టులో ఒక లెగ్ స్పిన్నరు ఉండేవాడు. పేరు వద్దు, ఇప్పుడు లేడు. చాప మీద అతని బంతి బ్యాటుకు దొరికేది కాదు. ఆ రోజుల్లో మా అందరికీ చంద్రశేఖర్ అంటే పిచ్చి. బెంగుళూరు మనకు 200 కిలోమీటర్లే కదా, మనవాడే అనుకునేవాళ్లం. చిన్నతనంలో పోలియో వచ్చి సన్నబడిన కుడిచేత్తోనే, 1971 ఆగస్టులో ఓవల్ మైదానంలో 38 పరుగులకు 6 వికెట్లు తీసి, ఇంగ్లాండు గడ్డ మీద మనకు మొట్టమొదటి టెస్టు గెలుపు తెచ్చిపెట్టాడు. ట్రాన్సిస్టరు చుట్టూ మూగి విన్నవాళ్లు మీలోనూ ఉంటారు. మా మిత్రుడు ఆయన చేయి తిరిగే తీరును అచ్చు దింపినాడు. ఒకసారి వేరే ఊళ్లో టర్ఫ్ వికెట్ మీద ఎంపికలు పెట్టారు. రాత్రి బస్సెక్కి పోయినాడు. ఆరు బంతులు వేయించి, చాలు పొమ్మన్నారు. ఆరింటిలో నాలుగు పొట్టిగా పడ్డాయట, బ్యాటరు తీరిగ్గా వెనక్కు జరిగి బాదినాడట.

అతని లోపం అల్లా ఒక గజం దూరం. చాప మీద బంతి ఎత్తుగా, చురుగ్గా లేస్తుంది గనుక కొంచెం పొట్టిగా వేసినా చెల్లుతుంది. టర్ఫ్ మీద అదే చోట వేస్తే బంతి మెల్లగా వచ్చి బ్యాటు ముందర నిలబడుతుంది. గజం ముందుకు వేయవలె. ఈ ఒక్క ముక్క చెప్పి, రెండు రోజులు ఆ నేల మీద అలవాటు చేసివుంటే సరిపోయేది. చెప్పేవారు లేరు, ఎంపిక చేసేవారికి అడిగే ఓపిక లేదు. తర్వాత అతను ముప్పై ఏళ్లు లెడ్జర్లు రాసి రిటైరైనాడు. ఇట్లాంటివారు కదిరిలో, గుంతకల్లులో, హిందూపురంలో ఎందరున్నారో లెక్క రాసిన రిజిస్టరు ఎక్కడా లేదు.

ఇక బంతి పుట్టుక గూర్చి కొంచెం. దేశవిభజనకు ముందు క్రికెట్టు సామాను తయారీకి పేరుమోసిన ఊరు సియాల్‌కోట. 1947లో అక్కడినుంచి తరలివచ్చిన పనివారు, వ్యాపారులు జలంధరు, మీరట్ పట్టణాలలో స్థిరపడ్డారు. మన దేశంలో టెస్టులకు వాడే ఎస్.జి. బంతి చేసే సంస్థ 1931లో సియాల్‌కోటలో మొదలై తర్వాత మీరట్ చేరినదే. బంతి నడుమ కార్కు గుండు, దానిమీద ఊలు దారం బిగించి చుట్టిన పొరలు, పైన తోలు, తోలు అంచులు కలిపి కుట్టిన కుట్టు. నాలుగు ముక్కల తోలుతో చేసింది మేలురకం. రెండు ముక్కలది చౌక. ఎస్.జి. బంతికి కుట్టు చేత్తో వేస్తారు, లేచి కనబడుతుంది, స్పిన్నరు వేలికి పట్టు దొరుకుతుంది. ఆస్ట్రేలియావారి కూకబురా బంతికి కుట్టు కొంత యంత్రంతో వేస్తారు, త్వరగా అణిగిపోతుంది. ఏ దేశం నేల ఆ దేశం బంతిని ఎన్నుకుంటుందని నా అభిప్రాయం.

మన నేల సంగతి మారింది ఎప్పుడంటే, నీళ్ల మీద పని చేసినవారే మైదానం మీద కూడా చేయి పెట్టిన తర్వాత. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు మన జిల్లాకు వచ్చి స్థాపించిన ఆర్.డి.టి. సంస్థ ఊరూరా చేసిన పనులు మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ సంస్థ క్రీడా ప్రాంగణంలో పచ్చటి టర్ఫ్ మైదానం వెలసింది. పుట్టపర్తిలో 1997 డిసెంబరు 30న టెండూల్కర్ తదితరులు ఆడిన యూనిటీ కప్ మ్యాచి చూసినవారు మనలో ఉన్నారు, కానీ అది ఒక్కరోజు పండుగ. 2024 సెప్టెంబరులో జరిగింది వేరు. దులీప్ ట్రోఫీ మ్యాచీలు ఆరింటిలో ఐదు అనంతపురంలోనే జరిగాయి. ఎడమచేతి స్పిన్నరు మానవ్ సుతార్ ఇక్కడ ఒక ఇన్నింగ్సులో 49 పరుగులకు 7 వికెట్లు తీశాడు. తర్వాతి వారం అన్షుల్ కంబోజ్ అనే వేగం బౌలరు కుట్టు నిలబెట్టి వేసి 69 పరుగులకు 8 వికెట్లు తీశాడు. ఒకే నేల మీద స్పిన్నుకూ, కుట్టుకూ రెండింటికీ ఫలితం దొరికింది. మా చాప రోజుల్లో ఊహకందని మాట ఇది.

నాకు అంతకంటె ముఖ్యమైంది ఇంకొకటి. నార్పల మండలం బండ్లపల్లి మీకు తెలుసు. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించిన ఊరు. కరువుకు గుర్తుగా ఆ ఊరిని ఎన్నుకున్నారు. అదే ఊరి అమ్మాయి బారెడ్డి అనూష, ఆర్.డి.టి. అకాడమీలో నేర్చుకుని, 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టుకు ఆడింది. ఎడమచేతి స్పిన్నరు. పక్కనున్న కడప జిల్లా ఎర్రమల్లె గ్రామం నుంచి వచ్చిన శ్రీచరణి కూడా ఎడమచేతి స్పిన్నరే. 2025 మహిళల ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసింది, కప్పు మనకు వచ్చింది. సీమనుంచి మగపిల్లలు అందుకోలేని చోటికి ఆడపిల్లలు చేరినారు. వేళ్లకు కుట్టు తగిలే బంతి, నీళ్లు పట్టిన వికెట్ వేళకు దొరకడం ఇందుకు సగం కారణమని నా నమ్మకం. మిగతా సగం వాళ్ల కష్టం.

ఇప్పుడు మిత్రుల ప్రశ్నకు వస్తాను. పదేళ్లలోపు పిల్లలకు టెన్నిసు బంతి చాలు. దానితో చేయి తిరగడం, గురి రెండూ వస్తాయి. హైదరాబాదు సిరాజ్ చాలాకాలం టెన్నిసు బంతితో ఆడినవాడే. కార్కు బంతి మాత్రం వద్దు, మేము పడింది చాలు. తర్వాత తోలుబంతి. పెద్దల బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. ఆడవారి బంతి 140 నుంచి 151. పిల్లలది 133 నుంచి 144. పన్నెండేళ్ల పిల్లవాడి చేతికి పెద్దల బంతి ఇస్తే వేళ్లు చుట్టూ అందవు, పట్టు తప్పుగా పడుతుంది, ఆ తప్పు తర్వాత పోదు. గరుసు నేలమీద సాధనకు రెండు ముక్కల బంతి, టర్ఫ్ మీద మ్యాచికి నాలుగు ముక్కలది. కొనేముందు బంతిని బల్లమీద దొర్లించి చూడండి, గుండ్రంగా లేనిది వంకరగా పోతుంది. కుట్టు మీద గోరు ఆనించి చూడండి, దారం వదులుగా కదిలితే అక్కడే పెట్టేసి రండి.

సాధనకు ఖర్చేమీ లేదు. వికెట్టు ఒక్కటి నాటి, స్పిన్నరైతే దానికి నాలుగైదు మీటర్ల ముందు, వేగం వేసేవాడైతే ఆరు నుంచి ఎనిమిది మీటర్ల ముందు చేతిగుడ్డ పరచండి. రోజుకు 36 బంతులు వేయించి, ఎన్ని గుడ్డమీద పడ్డాయో నోటు పుస్తకంలో రాయండి. లెక్క రాయడం మన పనే కదా. నెల తర్వాత తిరగేసి చూస్తే పిల్లవాడికే తెలుస్తుంది. చాపమీద నేర్చినవాడు టర్ఫ్ మీదికి పోతే గుడ్డను గజం ముందుకు జరపండి. వందల బంతులు వేయించవద్దు, పెరిగే పిల్లల నడుం ఓర్చుకోదు.

బంతికి ఒకవైపు మాత్రమే నిగ్గు తేల్చాలి. ఉమ్ము పూయడాన్ని 2020లో కరోనాకని ఆపి, 2022లో శాశ్వతంగా నిషేధించారు. చెమట పూయవచ్చు, మన ఎండలకు దానికి కొరత లేదు. తడిసిన బంతిని ఎండలో పెట్టకుండా నీడలో గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఇంకొకటి, మనవరాలికోసం కొనేవారు కొట్లో ఆ మాట ముందే చెప్పండి. చెప్పకపోతే 156 గ్రాములదే చేతిలో పెడతారు. నమ్మకం లేకపోతే పక్క కిరాణా అంగట్లో తూకం వేయించండి, కాదనరు.