సున్నా పడిన రాత్రి

1952 జనవరి 30. లాస్ ఏంజెలెస్. రాత్రి పది కావస్తోంది. బయట చలి. లోపల 2300 వాల్వుల సెగ. స్వాక్ కంప్యూటర్ మెమరీ తెరల మీద వెలుగు చుక్కలు మిణుకుమంటున్నాయి. గణితవేత్త డెరిక్ లెమర్‌కి కావలసింది ఒక్కటే. సున్నా. అది మాత్రం రావడం లేదు.

ప్రోగ్రాం బర్కిలీ నుంచి వచ్చింది. రాసింది ప్రొఫెసర్ రాఫెల్ రాబిన్సన్. మాన్యువల్ ముందేసుకుని, ఒక్కో ఆదేశం పేర్చాడు. ఎక్కడో ఒకచోట తప్పు దొర్లిందా? లేక అసలు ఆ సంఖ్యే లేదా?

మూడు వందల ఏళ్ల నాటి వేట ఇది. మూడు రెండుల్ని గుణించి ఒకటి తీసెయ్యండి. 7. ప్రధాన సంఖ్య. పదకొండు రెండులతో అదే పని చేస్తే 2047. అది 23, 89ల గుణకారం. పోయింది. ఎన్ని రెండులతో చేస్తే నిలుస్తుందో 257 దాకా జాబితా ఇచ్చాడు ఫ్రెంచి సన్యాసి మెర్సెన్, 1644లో. ఆ 257 తప్పని డెస్క్ కాలిక్యులేటర్‌తో కుస్తీపట్టి తేల్చినవాడు ఈ లెమరే. 1876లో గణితవేత్త లూకా చేత్తో లెక్కగట్టి 127ని నిలబెట్టాడు. ఆ సంఖ్యకు 39 అంకెలు. దాన్ని దాటిన మెర్సెన్ ప్రధాన సంఖ్య ఇంకోటి దొరకలేదు. 1949లో మాంచెస్టర్‌లో ట్యూరింగ్ కంప్యూటర్‌తో గాలించాడు. వట్టి చేతులే మిగిలాయి.

ఇప్పుడు 521 వంతు.

పరీక్ష లూకాది, పదును పెట్టింది లెమర్. కారణాంకాలు వెతకదు. నాలుగుతో మొదలెట్టి, దాన్ని వర్గం చేసి, రెండు తీసేసి, వచ్చినదాన్ని ఆ మహా సంఖ్యతో భాగించి, శేషాన్ని మాత్రం ఉంచుకుని, ఆ శేషాన్నే మళ్లీ వర్గం చేసి, మళ్లీ రెండు తీసేసి, మళ్లీ భాగించి, ఇలా ఆగకుండా 519 సార్లు తిరిగి, చిట్టచివర సున్నా మిగిలితేనే అది ప్రధాన సంఖ్య. ఒకటి మిగిలినా కాదు. మనిషికి ఏడాదికి పైగా పట్టే ఈ చాకిరీని స్వాక్ నిమిషంలో ముగిస్తుంది.

చుక్కలు వెలిగాయి. ఆరాయి. ఫలితం వచ్చింది.

సున్నా.

157 అంకెల సంఖ్య. దాన్ని నిశ్శేషంగా భాగించేవి రెండే: ఒకటి, అది తాను. కానీ ఆ రాత్రి అక్కడితో అయిపోలేదు.

521 దాటితే ప్రధాన ఘాతాలు, అంటే గుణించే రెండుల లెక్కలు, వరసగా 523, 541, 547... పన్నెండు. ఒక్కదానికీ సున్నా లేదు. పదమూడోది 607. గడియారం పన్నెండు కొట్టబోతోంది. మళ్లీ సున్నా. ఈసారి 183 అంకెలు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఒక్క కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్యా చిక్కలేదు. ఇప్పుడు రెండు గంటలైనా తిరక్కుండానే రెండు! ట్యూరింగ్‌కి ఎందుకు దొరకలేదో కూడా తేలిపోయింది. 127కీ 521కీ మధ్య ఒక్కటీ లేదు. ఆయన వెతికింది ఖాళీ నేలలో.

ఆ ఏడాదే అదే ప్రోగ్రాం 1279ని పట్టింది. 2203ని పట్టింది. 2281ని పట్టింది. 2304 దగ్గర ఆగింది. అంతకు మించిన ఘాతాలకు ప్రోగ్రాంలో చోటు లేదు. తర్వాతి సున్నా 3217 దగ్గర ఉంది. దాన్ని 1957లో స్వీడన్‌లో, బెస్క్ అనే మరో కంప్యూటర్ మీద హాన్స్ రీజెల్ పట్టుకున్నాడు.